ఐపీ మార్చుకుంటే తప్పా? నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్ల ఇంటర్నెట్ మీద తరచూ అడిగే ప్రశ్నలు

నంద్యాల సంజీవనగర్ అయినా, ఆళ్లగడ్డలో శిల్పుల వీధి అయినా, కరెంటు స్తంభం మీంచి ఒక సన్నటి నల్ల తీగ ఇంట్లోకి దిగుతుంది. కొన్ని ఇళ్లకు అది ఏపీ ఫైబర్‌నెట్‌ది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఆ పథకం, తీగను కరెంటు స్తంభాల మీదే లాగి, కనెక్షన్‌ను ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ల చేతికిచ్చింది. కొన్ని ఇళ్లకు అది స్థానిక భాగస్వాముల ద్వారా వచ్చే బీఎస్ఎన్ఎల్ ఫైబర్, ఇంకొన్నింటికి ప్రైవేటు కంపెనీలది. తీగ ఎవరిదైనా ప్రశ్నలు మాత్రం ఇవే.

రూటర్ ఆపి పెట్టి ఐపీ మార్చుకుంటే కేసవుతుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు. నిజమేనా?

కాదు. అట్లా చెప్పే చట్టం దేశంలో లేదు. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఊళ్లో ఎన్నో ఇళ్ల ఐపీలు వాటంతటవే మారిపోతుంటాయి. అది నేరమైతే మొదటి ముద్దాయి ట్రాన్స్‌ఫార్మరే.

ఐపీ అంటే ఇంటర్నెట్లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు. అది మీ సొత్తు కాదు. ఆసియా, పసిఫిక్ దేశాలకు ఏపీనిక్ అనే రిజిస్ట్రీ ఉంది. మన దేశం మట్టుకు నంబర్లు పంచే ఆ పనిని 2012 నుంచి నిక్సీ అనే సంస్థ ఆధ్వర్యంలో ఇరిన్ చూస్తోంది. ఈ రిజిస్ట్రీలు నంబర్లను సర్వీస్ ప్రొవైడర్లకు కేటాయిస్తాయి. ప్రొవైడర్ వాటిలోంచి ఒకటి తీసి మీకు కొన్నాళ్లు వాడుకోనిస్తాడు. వాపసు తీసుకునే హక్కు ఆయనకుంది, వదిలేసి వేరొకటి తీసుకునే వీలు మీకుంది. ఆ నంబరుతో ఏం చేశారన్నదే చట్టానికి కావాలి. నంబరు మారిందా లేదా అన్నది దానికి పట్టదు.

సరే, ఎట్ల మార్చుకోవాలి?

ముందు ఇప్పుడున్న ఐపీ ఏదో రాసిపెట్టుకోండి. గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొడితే దాన్ని చూపించే సైట్లు బోలెడు వస్తాయి. ఆ తరువాత గోడకున్న బాక్సు సంగతి. ఫైబర్ ఇళ్లలో మనం మోడెమ్ అని పిలిచేది నిజానికి ఓఎన్‌టీ. చాలా ఇళ్లలో రూటరూ, వైఫై అందులోనే ఉంటాయి. కొన్ని ఇళ్లలో బాక్సు వేరు, రూటర్ వేరు. అప్పుడు రెండూ ఆపాలి. చిన్న యూపీఎస్ తగిలించి ఉంటే గోడ స్విచ్ ఆపినా రూటర్ ఆగదు, కాబట్టి పిన్ను బాక్సు దగ్గరే పీకాలి.

ఇక్కడి నుంచి సంగతి మీ కనెక్షన్ తీరును బట్టి ఉంటుంది. ఆపరేటర్ ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి రూటర్లో పెట్టించాడంటే అది పీపీపీఓఈ. ఇందులో రూటర్ లాగిన్ అయిన ప్రతిసారీ కొత్త సెషన్ మొదలవుతుంది, చాలాచోట్ల దానితోపాటు ఐపీ కూడా మారుతుంది. రెండు నిమిషాలు ఆపి వేస్తే చాలు. లేదంటే బ్రౌజర్లో 192.168.1.1 తెరిచి (కొన్ని రూటర్లకు చిరునామా వేరే ఉంటుంది, బాక్సు అడుగున చూడండి) డిస్‌కనెక్ట్ నొక్కి మళ్లీ కనెక్ట్ నొక్కినా అదే ఫలితం.

యూజర్‌నేమ్ లేకుండా తగిలించగానే నెట్ వస్తే అది డీహెచ్‌సీపీ. ఇది కొంచెం మొండిది. ప్రొవైడర్ సర్వర్ మీ రూటర్‌కు ఐపీని ఒక గడువుకు లీజుకిస్తుంది. గడువు సగం కాగానే రూటర్ దానంతటదే ఆ లీజును పొడిగించుకుంటుంది. గడువు తీరకముందే ఆపి మళ్లీ వేస్తే, సర్వర్ మీ రూటర్‌ను దాని మ్యాక్ నంబరును (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) బట్టి గుర్తుపట్టి పాత ఐపీనే తిరిగిస్తుంది. అందుకే పది నిమిషాలు ఆపినవాళ్లకు మారదు, రాత్రంతా ఆపి పడుకున్నవాళ్లకు మారొచ్చు. రూటర్ పేజీలో ‘రిలీజ్’ అని ఉంటే, ముందు అది నొక్కి తరువాత ఆపండి. మారే అవకాశం పెరుగుతుంది.

సూది బెజ్జమంత రంధ్రంలో ఉండే రీసెట్ జోలికి మాత్రం పోవద్దు. దానితో యూజర్‌నేమ్, వీలాన్ నంబరు సహా ఆపరేటర్ పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి. పండగ పూట కేబులాయన ఫోన్ ఎత్తకపోతే ఇంటిల్లిపాదికీ నెట్ ఉండదు.

కొత్త ఐపీ వస్తే స్పీడు పెరుగుతుందా?

లేదు.

రాత్రంతా ఆపినా సైట్లో అదే నంబరు చూపిస్తాంది. రూటర్లో ఇంకేదో నంబరుంది. ఏది నాది?

మన ఊళ్లలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని చుట్టే తిరుగుతాయి. రూటర్ పేజీలో ‘వాన్ ఐపీ’ అనే చోట ఉన్న నంబరూ, బయటి సైటు చూపించే నంబరూ ఒకటే అయితే ఆ ఐపీ మీ ఒక్క ఇంటిదే. రెండూ వేరై, వాన్ ఐపీ 10తో గానీ, 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, అంటే ఎన్నో ఇళ్లకు కలిపి బయటికి ఒకే ఐపీ. లాడ్జిలో గది నంబర్లు ఎన్ని ఉన్నా బయట రోడ్డు మీద డోర్ నంబరు ఒకటే ఉంటుంది కదా, ఇదీ అంతే. మీరు రూటర్ ఆపి వేస్తే గది మారుతుంది, డోర్ నంబరు అట్లాగే ఉంటుంది.

ఈ తిప్పలు ఎందుకంటే పాత తరహా ఐపీవీ4 నంబర్లు ప్రపంచం మొత్తానికి కలిపి దాదాపు 430 కోట్లే. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏపీనిక్ కూడా చివరి దొంతరకు వచ్చి పొదుపు మొదలుపెట్టింది. మన పల్లెలకూ చిన్న పట్టణాలకూ ఫైబర్ వచ్చింది ఆ తరువాతే. ముందు పుట్టిన కంపెనీల దగ్గర నంబర్లు మిగిలి ఉన్నాయి, ఆలస్యంగా వచ్చిన చిన్న ప్రొవైడర్లు కొద్ది నంబర్లతో వందల ఇళ్లు నడపాల్సి వచ్చింది. సీజీనాట్ వాడటం ప్రొవైడర్ తప్పేమీ కాదు, దాన్ని నిషేధించే నిబంధనా లేదు. అయితే కనెక్షన్ అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పకపోవడం నాకు నచ్చదు. స్పీడు గురించి ఇంత పెద్ద అక్షరాల్లో వేసే కరపత్రంలో ఈ ఒక్క వాక్యానికి చోటుండదా?

దీనికి అసలు విరుగుడు, నంబర్లకు కొదవలేని కొత్త తరహా ఐపీవీ6. 2022 డిసెంబరు 31 తరువాత ఇచ్చే కొత్త ఇంటి కనెక్షన్లన్నీ ఐపీవీ6 మోయగలిగేలా ఉండాలని టెలికాం శాఖ ప్రొవైడర్లను ఆదేశించింది. రూటర్లో ఆ ఆప్షన్ ఆపేసి ఉందేమో చూడండి. లేకపోతే ఆపరేటర్‌ను అడగండి, అది అడగదగిన విషయమే.

నేనుండేది ఆళ్లగడ్డలో. సైట్లు మాత్రం నన్ను చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్నానంటాయి. ఐపీ మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆ ఊరి పేరు ఐపీలో రాసి ఉండదు. ప్రొవైడర్ నంబర్లను ఏ చిరునామాతో నమోదు చేశాడు, ట్రాఫిక్ ఏ నగరంలో పెద్ద ఇంటర్నెట్‌లో కలుస్తుంది అన్నవాటిని బట్టి ప్రైవేటు కంపెనీలు అంచనా కడతాయి. నంద్యాల జిల్లాగా ఏర్పడిందే 2022 ఏప్రిల్ 4న. ఆ కంపెనీల జాబితాలు చాలావాటికి ఇంకా ఆ కబురు అందినట్టు లేదు. ఫోన్లో లొకేషన్ అనుమతి ఇస్తే ఊరు సరిగ్గా చూపిస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

రాతి బొమ్మల షెడ్డులో సీసీ కెమెరాలు పెట్టినాం. కువైట్‌లో ఉన్న మావాడు యాడి నుంచైనా చూడాలంటే స్టాటిక్ ఐపీ కావాలన్నారు. అడిగితే ఇవ్వాల్సిందేనా?

ఇవ్వాల్సిందే అనే రూలు లేదు. స్టాటిక్ ఐపీ వేరే సేవ, దానికి వేరే రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ. ప్రొవైడర్ తన టారిఫ్‌లో దాన్ని చూపిస్తే ఆ ధరకే ఇవ్వాలి. చూపించకపోతే మీరు బలవంతపెట్టలేరు. డబ్బు కట్టేముందు ‘సీజీనాట్ లేని పబ్లిక్ ఐపీయేనా’ అని మెసేజ్‌లో రాయించుకోండి. ఎప్పటికీ మారని ప్రైవేటు నంబరు ఇచ్చి అదే స్టాటిక్ అంటే కువైట్ నుంచి కనిపించేది ఏమీ ఉండదు.

నన్నడిగితే చాలా షెడ్లకు అది అవసరమే లేదు. ఇప్పటి డీవీఆర్‌లు (కెమెరా రికార్డర్లు) తయారీదారు యాప్ ద్వారా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సీజీనాట్ దాటుకుని కనిపిస్తాయి. పబ్లిక్ ఐపీ తీసుకుని పోర్టు తెరిచారంటే ప్రపంచానికంతా మీ షెడ్డు తలుపు చూపినట్టే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇట్లాంటి కెమెరాలూ డీవీఆర్‌లనే పట్టుకుంది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చనివాటిని లక్షల్లో లోబరుచుకుని, ఆ అక్టోబరు 21న వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి మూగబోయాయి. కెమెరా బిగించినతను పెట్టిన ‘అడ్మిన్, 12345’ ఇంకా అట్లాగే ఉంటే ముందు అది మార్చండి, ఐపీ సంగతి తరువాత.

ఒక సైటు నా ఐపీని బ్లాక్ చేసింది. కొత్త ఐపీతో మళ్లీ పోవచ్చా?

ఎందుకు బ్లాక్ చేసిందో చూడాలి. సీజీనాట్ ఉన్నచోట పక్క వీధిలో ఎవడో చేసిన పనికి మీరు ఇరుక్కుని ఉండొచ్చు. కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ రోజుల్లో నెట్ సెంటర్ నుంచి ఒకే నంబరు మీద యాభై మంది దరఖాస్తు పెడితే సైటు అనుమానపడి కాసేపు ఆపేస్తుంది. ఇట్లాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినా, రూటర్ ఆపి వేసినా తప్పేమీ లేదు.

మిమ్మల్నే ఉద్దేశించి రావద్దన్నాక, ఆ సంగతి తెలిసీ దొడ్డిదారిన పోతే కథ వేరు. ఐటీ చట్టం 43వ సెక్షన్ అనుమతి లేని ప్రవేశానికి పరిహారం కట్టమంటుంది. అదే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. అమెరికాలో క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల సైటు ఒక కంపెనీకి నోటీసిచ్చి, ఐపీలు బ్లాక్ చేసింది. ఆ కంపెనీ ఐపీలు తిప్పి మళ్లీ డేటా లాగింది. అనుమతి లేదని చెప్పాక ఐపీ మార్చి రావడం అక్కడి కంప్యూటర్ చట్టం కిందికి వస్తుందని కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 2013లో అంది. అది మన కోర్టులను కట్టిపడేసే తీర్పేమీ కాదు, అందులోని తర్కం మాత్రం మన సెక్షన్‌కూ అతుకుతుంది.

ఆటలో బ్యాన్ పడిన పిల్లల తండ్రులకు ఒక మాట: ఆ బ్యాన్ అకౌంటు మీదా, ఫోను మీదా కూడా ఉంటుంది. రూటర్‌ను ఎన్నిసార్లు ఆపినా అది పోదు.

మరి వీపీఎన్ వాడితే?

మీ ఐపీని దాచి వేరే సర్వర్ ఐపీ చూపించే వీపీఎన్ వాడకాన్ని సాధారణంగా నిషేధించే కేంద్ర చట్టం లేదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ కంపెనీలు తమ ఖాతాదారుల పేర్లు, ఇచ్చిన ఐపీలు అయిదేళ్లు దాచాలన్నాయి. అది ఇష్టంలేక కొన్ని విదేశీ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ పెట్టుకుని బ్యాంకు యాప్ తెరవకండి.

రూటర్లో ‘మ్యాక్ క్లోన్’ అని ఉంది. అది మారిస్తే ఐపీ వెంటనే మారుతుందంటున్నారు.

డీహెచ్‌సీపీ కనెక్షన్లో మారొచ్చు, సర్వర్‌కు మీరు కొత్త రూటర్‌లా కనిపిస్తారు కాబట్టి. కొన్ని కనెక్షన్లను ఆపరేటర్ పాత మ్యాక్‌కు కట్టి ఉంచుతాడు. అక్కడ మారిస్తే నెట్టే పోతుంది. ఆ సదుపాయం పెట్టింది రూటర్ పాడై కొత్తది కొన్నప్పుడు పాతదాని మ్యాక్ అందులో వేసుకోవడానికి. మీ సొంత రూటర్ మ్యాక్ అయితే పేచీ లేదు. వేరొకరి ఇంటి రూటర్ మ్యాక్ తెచ్చి పెట్టుకోవడం వాళ్లలా నటించడమే. ఇక ఫోన్ గుర్తింపు నంబరు ఐఎంఈఐ మార్చడమైతే నేరుగా నేరం.

అద్దింట్లో దిగినాం. కనెక్షన్ పాత అద్దెదారు పేరు మీదే ఉంది. బిల్లు మేమే కడుతున్నాం. పర్వాలేదు కదా?

పర్వా ఉంది. ఐపీ కన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. ప్రొవైడర్ దగ్గర ఐపీ ఎన్నిసార్లు మారినా, ప్రతి నంబరుకూ ఎదురుగా రాసి ఉండేది దరఖాస్తు ఫారంలోని పేరే. టెలికాం చట్టం 2023లో 29వ సెక్షన్, గుర్తింపు చెప్పుకునేటప్పుడు తప్పుడు వివరాలివ్వరాదని, ముఖ్య విషయాలు దాచరాదని వినియోగదారుడికే బాధ్యత పెట్టింది. 2024 జూన్ 26 నుంచి అది అమల్లో ఉంది.

మన ఊళ్లలో ఇది నోటిమాట మీద నడిచిపోతుంది. “ఎందుకన్నా మళ్లీ కాగితాలు, నెలనెలా డబ్బులిస్తే చాలు” అంటాడు ఆపరేటర్. ఆయన మంచితనం నిజమే కావచ్చు. కానీ పాత అద్దెదారు చేసిన పనికి పోలీసులు మీ ఇంటి తలుపు కొట్టినా, మీరు చేసిన పనికి ఆయన తలుపు కొట్టినా ఆపరేటర్ అడ్డం రాడు. పేరు మార్పించి కొత్త ఫారం నకలు తీసుకోండి, పేరు మారిన తేదీ దాని మీద ఉండేలా చూసుకోండి.

మా వైఫై పక్కింటోళ్లకు ఇచ్చి సగం డబ్బులు తీసుకుంటే?

చుట్టాలొస్తే పాస్‌వర్డ్ చెప్పడం వేరు, నెలకింత అని వసూలు చేయడం వేరు. తిరిగి అమ్మడం లైసెన్సున్నవాళ్ల పని. మీ ఒప్పందంలోనూ కూడదనే ఉంటుంది. పాస్‌వర్డ్ లేని వైఫై అయితే మరీ ప్రమాదం. 2008 అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. ఆయనకే సంబంధమూ లేదు, అయినా విచారణ ఎదుర్కొన్నాడు. వైఫై భద్రత మీద టెలికాం శాఖ 2009 ఫిబ్రవరిలో సూచనలు ఇచ్చింది ఆ నేపథ్యంలోనే.

‘ఈ ఐపీ మీదే’ అంటూ పోలీసులు వస్తే నాకున్న హక్కులేంటి?

ముందుగా అడగాల్సింది ఐపీ గురించి కాదు, సమయం గురించి. ఏ తేదీ, ఏ గంట, ఏ నిమిషం, అది భారత కాలమానమా, గ్రీన్‌విచ్ లెక్కా? రెంటికీ తేడా అయిదున్నర గంటలు. అంతసేపట్లో ఒక ఐపీ ఎన్ని ఇళ్లు మారుతుందో! సీజీనాట్ అయితే ఐపీ ఒక్కటే సరిపోదు, పోర్టు నంబరు కూడా కావాలి. లేకపోతే ఆ డోర్ నంబరు వెనక ఉన్నవాళ్లందరూ అనుమానితులే. సీజీనాట్ లాగ్ రికార్డులు కూడా ప్రొవైడర్లు దాచాలి. వినియోగదారుల ఇంటర్నెట్ వివరాలు దాచే గడువును 2021 డిసెంబరులో ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. రాత్రి ఐపీ మార్చి ఉదయానికి ఆనవాలు పోయిందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2007లో చూశాం. ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైట్లో ఛత్రపతి శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని పుణే పోలీసులు బెంగళూరు ఐటీ ఉద్యోగి ఒకరిని పట్టుకుపోయారు. ఆయన 50 రోజులు జైల్లో ఉన్నాక తేలింది, సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన ఐపీ వివరమే తప్పని.

కాబట్టి కంగారులో రూటర్ రీసెట్ చేయకండి, ఫోన్లో ఏదీ చెరపకండి. మీరు నిర్దోషి అని చెప్పే ఆధారం కూడా అందులోనే ఉండొచ్చు. అరెస్టు అవసరం లేని కేసులో హాజరు కమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వక నోటీసిస్తారు. వస్తువులో, కాగితాలో తెచ్చివ్వమంటే 94వ సెక్షన్. ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో అడగడం ఎదురు తిరగడం కాదు. పరికరం తీసుకుంటే పంచనామా నకలు అడగండి, వకీలును వెంట తీసుకెళ్లండి. వాట్సాప్ వీడియోలో యూనిఫాం వేసుకుని ‘మీ ఐపీ దొరికింది, డబ్బు కట్టండి’ అనేవాడు పోలీసు కాదు, దొంగ. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నా ఐపీ నా వ్యక్తిగత సమాచారం కాదా?

యూరప్‌లో అవునని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2016లో, మారిపోయే ఐపీల విషయంలోనే చెప్పింది, దాన్ని మనిషితో ముడిపెట్టే చట్టబద్ధమైన మార్గం ఉన్నప్పుడు. మన డేటా రక్షణ చట్టం 2023 ఐపీ పేరెత్తలేదు గానీ, ఒక మనిషిని గుర్తించగల సమాచారం ఏదైనా వ్యక్తిగతమే అంది. ప్రొవైడర్ చేతిలో మీ పేరుతో ఉన్న ఐపీ అందులోకి వస్తుందనే నా అభిప్రాయం.

కేబులాయన ‘ఐపీ మార్చడం కుదరదు, ఏం చేసుకుంటావో చేసుకో’ అన్నాడు. యాడికి పోవాల?

మారే ఐపీ ప్లానులో ఫలానా నంబరే కావాలని గానీ, కొత్తది ఇప్పుడే కావాలని గానీ పట్టుబట్టే హక్కు లేదు. కానీ డబ్బు కట్టిన స్టాటిక్ ఐపీ రాకపోయినా, ఐపీ బ్లాక్‌లిస్టులో పడి బ్యాంకు, ప్రభుత్వ సైట్లు తెరుచుకోకపోయినా అది సేవాలోపం. అప్పుడు అడిగే తీరు ఉంది.

ఆపరేటర్‌తో గొడవ పెట్టుకోవద్దు. ఆయన మధ్యలో మనిషి, లైసెన్సు కంపెనీది. కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదే కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అక్కడ తేలకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, రుసుము లేదు. అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. నేరుగా ట్రాయ్‌కి రాసేవాళ్లు చాలామంది, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తీర్చే సంస్థ కాదు. టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి కేంద్ర ప్రభుత్వ పీజీ పోర్టల్ ద్వారా రాయండి.

వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంది. టెలికాం గొడవలు వాటి పరిధిలోకి రావనే పాత వాదనను 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు కొట్టేసింది. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫిర్యాదు రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు, ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు. కంపెనీ వకీలు లేవనెత్తే మొదటి అభ్యంతరం ‘ఇది వ్యాపార కనెక్షన్’ అని. తన చేతులతో తాను రాయి చెక్కి ఆ సంపాదనతో బతికే శిల్పి, స్వయం ఉపాధి కోసం తీసుకున్న సేవకు వినియోగదారుడే. చట్టంలో ఆ మినహాయింపు ఉంది. ఫిర్యాదు మొదటి పేరాలోనే ఆ సంగతి రాయండి.